దొంతులపల్లికి విమానం కావాలి

విమానయాత్ర గురించి రాసుకురమ్మని నన్ను పంపించారు. రైల్లో వెళ్లాను.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు, నా బరువుదే. హైదరాబాదులో ఒక ఫ్లయింగ్ స్కూలు వాళ్లు ఆ వేసవి మొదట్లో ఆరు సీట్ల చిన్న విమానంతో జిల్లాలు తిరగడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడ పాత రన్‌వేలు పడావు పడి ఉన్నాయో అక్కడికల్లా వెళ్లి దిగడం, ఊరివాళ్లలో నలుగురిని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పడం, ఈ రన్‌వే బాగుచేస్తే మీకూ ఒక చిన్న ఎయిర్‌పోర్టు వస్తుందని చెప్పి, ఏది పనికొస్తుందో ఏది రాదో సర్కారుకు రాసి పంపడం, ఇదీ వాళ్ల కార్యక్రమం. మా పత్రిక ఆదివారం పేజీల కోసం నేను కూడా విమానంలో వెళ్లాలి. బయల్దేరే ముందు అందరినీ తూకం మిషను ఎక్కించారు. నేను ఎక్కగానే విమానం నడిపే కెప్టెన్ మాధవి గారు ముల్లు వంక చూసి, నా వంక చూసి, "మీరు రైల్లో వచ్చెయ్యండి సార్, అక్కడ కలుద్దాం" అన్నారు. బరువైన రచయితనని నన్ను ఒకరు గుర్తించడం అదే మొదటిసారి.

అలా నా గగనవిహారం గగనమైపోయింది. మర్నాడు పొద్దున సికింద్రాబాదులో కాగజ్‌నగర్ వైపు వెళ్లే బండి ఎక్కాను. ఈ దారిన వెళ్లదలచిన వాళ్లకు ఒక మాట. జనరల్ పెట్టెలో కూర్చుని వెళ్లాలంటే బండి కంటే అరగంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండాలి, కిటికీ కావాలంటే ముప్పావు గంట. నేను అరగంట ముందు వెళ్లాను కాబట్టి నాకు కిటికీకి రెండో సీటు, అంటే కిటికీలోంచి చూసేవాడిని చూసే సీటు దొరికింది. కాజీపేటలో వడలు వచ్చాయి. జమ్మికుంట దాకా పత్తి చేలు ఏరడం అయిపోయి ఎండు కట్టెతో నిలబడి ఉన్నాయి.

కిటికీ సీటాయన మంచిర్యాలలో బట్టల దుకాణం ఉన్న పెద్దమనిషి. నేను విమానం పని మీద వెళ్తున్నానని తెలిసి నా చెప్పుల వైపు చూశాడు.

"రామగుండంల విమానమా? మా ప్యాసింజరే టైముకు రాదు సార్."

పైబెర్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న కుర్రాడు అక్కడినుంచే అందుకున్నాడు. "రాష్ట్రం రానియ్యి సేటూ, విమానాలు గవే వస్తయి."

"ముందు రాష్ట్రమా, ముందు విమానమా?"

"ఏదొచ్చినా నీ దుకాణంల డిస్కౌంటుండదు తీ."

పెట్టె అంతా నవ్వింది. పెద్దపల్లి దాటాక ఎండ తెల్లబడింది. పదకొండున్నరకు రామగుండంలో దిగాను. స్టేషన్లోంచి బయటికి రాగానే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి, అవి కనబడకుండా ఉండటానికి ఏ వైపు తిరగాలో నాకు మూడురోజుల్లో తెలియలేదు. గోదావరిఖనికి షేరు ఆటో పదిరూపాయలు, ముందు డ్రైవరు పక్కన కూర్చుంటే అదే పదిరూపాయలకు సగం ఒళ్లు బయట. చౌరస్తా దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి ఉతికిందే, కానీ ఆరేసింది ఈ ఊళ్లోనే. గోదావరిఖనిలో రోజూ తెల్లారుతుంది కానీ ఏదీ తెల్లగా ఉండదు. భోజనం మెస్సులో చేశాను, పచ్చిపులుసు బాగుంది, రెండోసారి అడిగితే విసుక్కోకుండా పోశారు.

మూడింటికి ఓదెలు కాక వచ్చి నన్ను మోపెడు మీద ఎక్కించుకున్నాడు. ఈయన గనిలో షాట్‌ఫైరరు, అంటే బొగ్గులో మందు కూరి పేల్చే పని, చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు దొంతులపల్లి విమానాశ్రయ సాధన కమిటీకి అధ్యక్షుడు. మోపెడు నా కింద మూలిగితే ఆయన వెనక్కి తిరిగి, "ఫికర్ చెయ్యకు సారూ, ఇది మందుపెట్టెలు మోసిన బండి" అన్నాడు. ధైర్యం చెప్పాడో పోలిక చెప్పాడో తెలియలేదు.

దొంతులపల్లి గోదావరిఖనికి, ఇక్కడివాళ్ల మాటలో ఖనికి, అరగంట దూరం. నూటయాభై గడప ఉంటుందేమో. ఊరి వెనక రన్‌వే. ఎప్పుడో ఒక ఫ్యాక్టరీ యజమానులు వచ్చిపోవడానికి వేయించుకున్నారట. యజమానులు మారారు, విమానం అమ్ముడుపోయింది, రన్‌వేను మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. మేము వెళ్లేసరికి దాని మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఒక చివర నుంచి సగం దాకా ఎర్ర తివాచీ పరిచినట్టుంది. సర్కారు కూడా ఇంత పెద్ద స్వాగతం ఏర్పాటు చెయ్యలేదు.

"రేపు పొద్దుగాల విమానమొస్తది, ఇవి తియ్యాలె అక్కా" అన్నాడు ఓదెలు కాక.

మిరపకాయల మధ్య కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ముసలావిడ ఆయన అక్క రాజవ్వ. తల ఎత్తలేదు. "రేపు గదా వచ్చేది. ఇయ్యాల ఎండెందుకు పోగొట్టుకోవాలె?"

కమిటీ వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఏడుగురు. ఆరుగురు గని పెన్షన్ వాళ్లు, ఒకడు జానీభాయ్, లారీ మెకానిక్కు, సొంతంగా ఒక నీళ్ల ట్యాంకరు ఉంది. నేను పెన్ను తీసి అలవాటైన ప్రశ్న అడిగాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా విమానం ఎక్కారా? ఎవరూ ఎక్కలేదు. పోనీ, రేపు ఎవరెవరు ఎక్కుతారు?

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు ఎక్కుతావా కాకా?"

"నేనెందుకెక్కుత సారూ? నాకేమన్న తిక్కనా?" అన్నాడు అధ్యక్షుడు.

విమానాశ్రయం కోసం మంత్రుల చుట్టూ తిరిగిన కమిటీలో విమానం ఎక్కాలనుకునే మనిషి లేడు. ఇది నా పాఠకులకు ఎలా చెప్పాలో ఆలోచిస్తుంటే రాజవ్వ చేతిలో మిరపకాయ పట్టుకునే రన్‌వే తూర్పు చివరకు చూపించింది.

"గది చూడయ్యా. గది చూస్తె నీకే సమజైతది."

అక్కడొక గుట్ట ఉంది. వచ్చేటప్పుడు చూశాను కానీ గుట్టే కదా అనుకున్నాను. దాని మీద చెట్టూ లేదు, బండా లేదు. పైన దుమ్ములో ఏదో కదులుతోంది. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే డంపరు. ఓపెన్‌కాస్టులో బొగ్గు కోసం తవ్విన మట్టిని తెచ్చి ఇక్కడ పోస్తున్నారు. గుట్ట అవతల గుంత. గుంత ఇటు వస్తోంది. ఇదివరకే ఆ వైపు రెండు ఊళ్లు లేచిపోయాయి, తర్వాతి వరసలో దొంతులపల్లి ఉందని గని ఆఫీసులో అనుకుంటున్నారు.

ఓదెలు కాక నెమ్మదిగా చెప్పాడు. "నేను పెన్షన్ కాయిదాలకు పోయినప్పుడు ఒక ఇంజనీరు సారు చెప్పిండు. రన్‌వే నడుస్తుంటే దాని పక్కన పేల్చుడు ఉండదట. గుట్ట పొయ్యనియ్యరట. విమానానికి అడ్డమైతదని. పడావు పడ్డ రన్‌వేకైతే ఏ రూలూ లేదు. అందుకని సారూ, ఈ విమానం దిగాలె. దిగి, ఇది పనికొస్తదని రాయాలె. గంతే."

ఎయిర్‌పోర్టులు అడిగే ఊళ్లు చాలా చూశాను, అందరూ ఎక్కడికో పోవడానికి అడిగేవాళ్లే. ఎక్కడికీ పోకుండా ఉండటానికి అడిగేవాళ్లను ఇక్కడే చూశాను.

ఊళ్లో అందరిదీ ఒక్క మాట కాదని కూడా రాయాలి. రాజవ్వ అల్లుడు సమ్మయ్య బైకు మీద కాళ్లు బారజాపి కూర్చుని అంతా విన్నాడు. "ఓదెలు మామకు పెన్షనున్నది కాబట్టి ఊరు కావాలె. మాకు పరిహారమిస్తే ఖనిల ప్లాటు కొనుక్కుంటం. ఈడ ఏమున్నది? మిరపకాయలు."

"అవే తిని ఇంత పెరిగినవ్ కొడుకా" అంది అత్త.

మర్నాడు ఏడింటికల్లా నేను రన్‌వే మీద ఉన్నాను. మిరపకాయలు లేవు. ఊరంతా చీపుళ్లతో ఉంది. అయితే ఇక్కడి దుమ్ము మామూలు దుమ్ము కాదు. థర్మల్ కేంద్రం బూడిద, గుంతలోంచి వచ్చే మట్టి, బొగ్గు నుసి కలిసి ఏళ్లతరబడి పేరుకున్న మెత్తటి పిండి. ఊడుస్తే లేస్తుంది, లేచి వెనక ఊడ్చిన చోటే పడుతుంది. విమానం తొమ్మిదింటికి. ఎనిమిదింటికి ఓదెలు కాక నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"జానీ! ట్యాంకర్ తీస్కరా. జల్ది."

నాకు తెలియక, ఎందుకని అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "జీఎం సారు గని మీదికి వస్తున్నడంటే ఏం చేస్తం? ముందుగాల రోడ్డుకు నీళ్లు కొడ్తం. నా సర్వీసంత గదే చూసిన. పెద్దమనిషొచ్చే తొవ్వల దుమ్ము లేస్తే మనకే ఇజ్జత్ కాదు."

జానీభాయ్ ట్యాంకరు మూడుసార్లు నింపుకొచ్చాడు. పిన్నలూ పెద్దలూ పక్కకు తప్పుకుని చూశారు. నీళ్లు పడ్డ తారు నల్లగా నిగనిగలాడింది. పొద్దు దాని మీద పడి కళ్లు జిగేల్‌మన్నాయి. చాలా బాగుందనిపించింది. 'రన్‌వే కొత్తపెళ్లికూతురిలా మెరుస్తోంది' అని రాసుకున్నాను కూడా. నా వర్ణనలు ఎంత బాగా వస్తే నా తెలివి అంత తక్కువ పని చేస్తున్నట్టు లెక్క.

తొమ్మిది దాటాక విమానం వినబడింది, తర్వాత కనబడింది. తూనీగంత. కిందికి వచ్చింది, రన్‌వే పొడుగునా తాటిచెట్టు ఎత్తున వెళ్లింది, లేచిపోయింది. జనం చేతులూపారు. డప్పులు మోగాయి. మళ్లీ తిరిగి వచ్చింది, ఈసారి ఇంకా కిందికి. రెక్కలు అటూ ఇటూ ఊపింది.

"ఆట చూపెడ్తున్నరు" అన్నాడు జానీభాయ్ మెచ్చుకోలుగా.

రెక్కలు ఊపి పడమరకు తిరిగింది, చిన్నదైపోయింది, ఇక రాలేదు. డప్పుల వాళ్లు ఇంకాసేపు కొట్టి ఆపేశారు. పదకొండు దాకా అందరం ఆకాశం చూస్తూ ఉన్నాం. మెడలు నొప్పి పుట్టాక ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి.

పదకొండున్నరకు నా ఫోను మోగింది. కెప్టెన్ మాధవి గారు, నాందేడ్ నుంచి.

"సారీ సార్. దిగలేకపోయాను. రన్‌వే అంతా నీళ్లు నిలిచి ఉన్నాయి. వానల్లేని నెలలోనే అలా ఉంటే వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. పనికిరాదని రాసేస్తున్నాను."

"అవి నిలిచిన నీళ్లు కావండీ. మేము కొట్టిన నీళ్లు."

"మీరేం చేశారు?"

"నీళ్లు కొట్టాం. దుమ్ము లేవకుండా. మీ గౌరవార్థం."

"బూడిద మీద నీళ్లు పోస్తే సబ్బు. దిగి ఉంటే గౌరవంగా జారిపోయేదాన్ని" అన్నారు. కోపం లేదు, అలసట ఉంది. రేపు హైదరాబాదుకు తిరిగి వెళ్తూ కాస్త చుట్టు తిరిగి ఈ పైనుంచి పోతారట. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒకసారి ప్రయత్నించవచ్చు. అయితే రన్‌వే పొడిగా ఉండాలి, దాని మీద మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు, ఈ సాయంత్రం ఎవరైనా ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి పగుళ్లు, రాళ్లు ఎక్కడున్నాయో చెప్పాలి. "ఇంకొకటి. తూర్పు చివర మట్టిగుట్ట చూశాను. పొద్దు ఎదురుగా ఉండి ఎత్తు అంచనా దొరకలేదు. అది కనుక్కుని చెప్పండి. మీ మాట నమ్ముకునే దిగుతాను సార్, నిజం చెప్పండి."

ఫోను పెట్టేసి ఈ మాటలన్నీ కమిటీకి చెప్పాను. నీళ్ల సంగతి వినగానే ఓదెలు కాక అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. రాజవ్వ మాత్రం అంది.

"ఓదెలూ, నీకు జీఎం కాకుంట వేరే దేవుడు తెల్వదురా."

సాయంత్రం ఎండ తగ్గాక నడిచాం. ఓదెలు కాక, జానీభాయ్, నేను. పగుళ్లు మూడు చోట్ల ఉన్నాయి, వెడల్పు వేలు పట్టేంత. ఒకచోట తారు లేచిపోయి గుల్లగా ఉంది. నేను అన్నీ రాసుకున్నాను. తూర్పు చివరకు వచ్చేసరికి గుట్ట మా మీదికి వచ్చినట్టు నిలబడింది. కింద నుంచి చూస్తే ఇంకా పెద్దది. దాని పక్కన పొలంలో ఫోను టవరు ఉంది. గుట్ట ఆ టవరు చివరి దాకా లేదు కానీ, దాదాపు అక్కడికి వచ్చేసింది.

జానీభాయ్ గొంతు తగ్గించాడు. "సాబ్, టవరుకు సగముందని చెప్పుండ్రి. ఆమె పైకెల్లి పోతదా, కొలుస్తదా? క్యా ఫరక్ పడ్తా?"

నిజం చెప్పాలంటే, నాకు ఆ ఆలోచన అంత చెడ్డదిగా తోచలేదు. సగం అంటే ఊరు ఉంటుంది. ఆమె ఎలాగూ కళ్లతో చూసుకుని దిగుతుంది కదా అని కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెన్ను మూత తీసి ఓదెలు కాక వైపు చూశాను. ఆయన గుట్ట వైపే చూస్తున్నాడు. పైన ఒక డంపరు వెనక్కి వచ్చి మట్టి దించింది. దుమ్ము మెల్లగా మా వైపు దిగింది.

"కింద పనిచేసేటప్పుడు పైకప్పు బాగలేదంటే బాగలేదనే చెప్పినం" అన్నాడాయన. "బాగున్నదని చెప్పి ఎవ్వని లోపలికి పంపలే. ఆఫీసరు బొగ్గు కావాలన్నా పంపలే. ఇప్పుడు ఆ పిల్లను పంపాల్నా?"

"నిజం చెప్తే ఊరు పోతది చాచా."

"పోతదో ఉంటదో. టవరంత ఉన్నదని చెప్పు సారూ. కొంచెం తక్కువ, గంతే."

అలాగే చెప్పాను. ఫోన్లో కెప్టెన్ గారు, "థాంక్స్" అని, "అయితే అటు వైపు లేచే పని పెట్టుకోను. పడమర నుంచి వచ్చి దిగి, వెనక్కి తిరిగి పడమరకే లేస్తా. గాలి ఒప్పుకుంటేనే" అన్నారు. గాలి ఒప్పుకుంటుందా అని కాక నన్ను అడిగాడు. నేను గాలి పత్రికవాణ్ణే కానీ ఆ గాలి సంగతి నాకు తెలియదన్నాను. ఆయన నవ్వలేదు.

మూడో రోజు పొద్దున ఎవరూ నీళ్ల మాట ఎత్తలేదు. జానీభాయ్ ట్యాంకరు తాళాలు రాజవ్వ కొంగున ఉన్నాయి. ఆమే అడిగి తీసుకుందట. అందరూ ఊడ్చారు. దుమ్ము లేచి మీద పడింది, మళ్లీ ఊడ్చారు. ఎనిమిదిన్నరకు ఊరందరికీ ఒకటే రంగు వచ్చింది, బూడిద రంగు. ఎవరు సమ్మయ్యో ఎవరు నేనో పక్కనుంచి చూస్తే తెలియకుండా ఉంది, పొట్ట తప్ప.

తొమ్మిదిన్నర కాలేదు, విమానం వచ్చింది. ఒక్క చుట్టు తిరిగింది. ఎవరూ చేతులూపలేదు, డప్పు కొట్టలేదు. అందరూ గట్టు మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. పడమర నుంచి కిందికి దిగింది, చక్రాలు తాకాయి, ఒకసారి ఎగిరి మళ్లీ తాకాయి, తెల్లటి దుమ్ము తోకలా లేచింది, దుమ్ములోంచి విమానం బయటికి వచ్చి ఆగింది. ఇంజను ఆగాక కూడా ఎవరూ కదల్లేదు. తలుపు తెరుచుకుని కెప్టెన్ మాధవి గారు దిగారు. మనిషి ఐదడుగులు ఉంటారేమో.

"ఇంత చిన్నపిల్లనా?" అంది రాజవ్వ. అని, దగ్గరికి వెళ్లి ఆమె చేతులు రెండూ పట్టుకుని మిరపకాయల ఘాటున్న చేతులతో నొసలు నిమిరింది. కెప్టెన్ గారు పది నిమిషాలు కళ్లు తుడుచుకున్నారు. అది ఆనందం అని, విమానంలో వచ్చిన మా పత్రిక ఫొటోగ్రాఫరు రాసుకున్నాడు.

తర్వాత ఊరివాళ్లను ఎక్కించాలి. కార్యక్రమంలో అదొక భాగం. ఎవరూ ముందుకు రాలేదు. కమిటీ మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. చివరికి సమ్మయ్యను నలుగురూ కలిసి తోశారు. "పరిహారమొస్తే ఖనికి పోతనంటివి గద, ముందు పైకి పోయి రా" అన్నారు. పంతానికి ఎక్కాడు. అతని వెంట ఇంకో ముగ్గురు. నన్నూ రమ్మన్నారు. తలుపు దగ్గర కెప్టెన్ గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. నేనే తప్పుకున్నాను, తూకం మిషను మళ్లీ తెప్పించడం ఎందుకని.

పావుగంట తిరిగి దిగారు. మిగతా ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, గోదావరి కనబడిందని, మంచిర్యాల బ్రిడ్జి కనబడిందని. సమ్మయ్య వచ్చి అత్త పక్కన నిలబడ్డాడు.

"ఏందిరా, భయమైందా?"

"లేదు." తూర్పు వైపు చెయ్యి చూపించాడు. "ఈడికెల్లి చూస్తే గుట్ట ఒక్కటే కనబడ్తది. దానెనుక ఏమున్నదో పైకి పోతేనే తెలుస్తది అత్తా. గుంత... మన ఊరు దాంట్ల ఒక మూలకు సరిపోతది."

అతను బైకు దగ్గరికి వెళ్లలేదు, అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

కెప్టెన్ గారు రన్‌వే అంతా నడిచి చూసుకున్నారు. గుల్లగా ఉన్నచోట మడమతో తొక్కి చూశారు. తూర్పు చివర నిలబడి టవరునూ గుట్టనూ మార్చి మార్చి చూశారు. "మీరు చెప్పినట్టే ఉంది" అన్నారు నాతో. ఆ మెప్పు నాది కాదు కాబట్టి ఓదెలు కాక వైపు చూపించాను. ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు.

"ఎట్లున్నదమ్మా?"

"చిన్న విమానాలకు పనికొస్తుంది. తారు బాగుచెయ్యాలి, కంచె వెయ్యాలి. ఆ గుట్ట ఇంకా పెరిగితే మాత్రం పనికిరాదు. ఇవే రాస్తాను."

"గుట్ట పెరగొద్దని రాస్తవా బిడ్డా?"

"పెరిగితే పనికిరాదని రాస్తాను. పెరగొద్దని చెప్పే అధికారం నాకు లేదు."

"రెండు ఒక్కటే గదా?"

ఆమె ఆలోచించి చెప్పారు. "కాదు కాకా."

ఆయన తల ఊపాడు. కమిటీ వాళ్లు మాత్రం 'పనికొస్తుంది' అన్న మాట అందుకుని ఊళ్లోకి పరుగెత్తారు. కాసేపటికి డప్పులు వినబడ్డాయి. పదకొండింటికి విమానం పడమరకు లేచి వెళ్లిపోయింది. పన్నెండింటికి రన్‌వే మీద మిరపకాయలు పరిచారు. ఎండ పోగొట్టుకోవడం రాజవ్వకు ఇష్టముండదు.

భోజనం ఓదెలు కాక ఇంట్లో. నాటుకోడి, జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు. వెళ్లదలచిన వాళ్లు దొంతులపల్లిలో నీళ్లు అడగకండి, మజ్జిగ అడగండి, బోరు నీళ్లు ఉప్పన. తింటుండగా కాక ఒకటే మాట అన్నాడు. "ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మంచి పిల్ల." ఆ మాటలో సంతోషం ఎంతో దిగులు ఎంతో నేను విడదీయలేకపోయాను.

నాలుగున్నర బండికి రామగుండంలో ఎక్కాను. తిరుగు ప్రయాణంలో సీటు తేలిగ్గా దొరుకుతుంది, ఈసారి నాకు కిటికీయే దొరికింది. కాళ్లు చాపుకుని, ఏం రాయాలా అని ఆలోచించాను. సర్కారుకు వెళ్లే కాగితంలో ఒక వాక్యం ఊరివైపు ఉంది, ఒక వాక్యం గుట్టవైపు ఉంది. ఏది చదువుతారో చదివేవాళ్ల ఇష్టం. నేను చూసింది ఇది: ఈ దేశంలో రన్‌వే పొడుగును గజాలతో కాకుండా కల్లాలతో కొలిచే మనుషులు, తమ ఊరి కోసం ఒక అబద్ధం ఆడే వీలు చేతిలోకి వచ్చినా ఆడలేదు. అందువల్ల వాళ్లకు మేలు జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. నా హామీ మీద ఇదివరకు నడిచింది మోపెడు ఒక్కటే, అదీ మూలుగుతూ.

నా ఎదురుగా ఒకతను వచ్చి కూర్చున్నాడు. ముప్పైఐదు ఏళ్లుంటాయి, పొద్దున షిఫ్టు దిగి ఇంటికి పోతున్నాడు, కనుబొమ్మల్లో ఇంకా దుమ్ము ఉంది. టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని నా ఒళ్లో ఉన్న విమానం కరపత్రం చూశాడు.

"దొంతులపల్లికాడ దిగిన విమానం మీదేనా సార్?"

నాది కాదు, నేను రైలువాణ్ణని చెప్పాను. అతను డంపరు నడుపుతాడట. ఎక్కడ అని అడిగాను.

"గుట్ట మీద. మట్టి పోసుడు."

పొద్దున విమానం వచ్చినప్పుడు కూడా డ్యూటీలో ఉన్నావా అన్నాను.

"ఉన్న. మా బండ్లన్ని ఆగినయి గద సార్ అప్పుడు. విమానం వచ్చినకాడికెల్లి పోయేదాక గుట్ట మీద ఒక్క తట్ట మట్టి పడలే."

నేను నిటారుగా కూర్చున్నాను. "ఆపమన్నారా? ఎవరు ఆర్డరిచ్చారు?"

"ఆర్డరెవరిస్తరు సార్? మేమే ఆపినం. దిగి నిలబడి చూసినం. సూపర్‌వైజరు తిట్టనీకి వచ్చిండు, ఆయన కూడ చూసుకుంట నిలబడ్డడు." నవ్వాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. "మల్ల ఎప్పుడొస్తదట?"

తెలియదన్నాను.

బండి నెమ్మదించింది. అతను లేచి డబ్బా తీసుకున్నాడు. "రోజు వస్తే మంచిగుండు" అని పెద్దపల్లిలో దిగిపోయాడు.